బీడీ ముట్టని అమ్మకు సీఓపీడీ ఎట్లొచ్చింది?

మాది తాడిపత్రి దగ్గర పల్లె. అమ్మ బీడీ ముట్టింది లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి కంపకట్టెల పొయ్యి మీదే వంట, కొన్నేళ్లు బండల పాలిష్ పని. ఇప్పుడు మిద్దె మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేస్తే దగ్గు, గళ్ల. డాక్టరు సీఓపీడీ (ఊపిరి సరిగా ఆడనివ్వని దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) అన్నారు. ఇన్‌హేలర్ మొదలుపెడితే అలవాటైపోతుందని అమ్మ దాన్ని గూట్లో పెట్టేసింది. ఏం చెప్పి ఒప్పించాలి?

జవాబు (కర్నూలు): కట్టెల పొగ చాలు తమ్ముడూ, బీడీ అక్కర్లేదు. గాలిగొట్టాలు వాచి సన్నబడి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. స్పైరోమెట్రీ (గొట్టంలోకి గట్టిగా ఊదించి చేసే పరీక్ష) చేశారా? గాలిగొట్టాలు తెరిచే మందు పీల్చాక కూడా, ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చేది 70 శాతం కన్నా తక్కువుంటేనే ఖాయం చేస్తారు. ఒట్టి ఎక్స్‌రేతో తేలదు. బండల దుమ్ము సంగతి కూడా డాక్టరుకు తప్పకుండా చెప్పు.

జవాబు (కడప, నర్సును): అలవాటు కాదు నాయనా! మందు మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది. ఇన్‌హేలర్‌కు స్పేసర్ (మందు నిలిచే బోలు గొట్టం) తగిలిస్తే పెద్దవాళ్లకు సులువు. స్టీరాయిడ్ ఉన్నదైతే పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకుంటే నోట్లో తెల్లపూత వస్తుంది. పాడైన ఊపిరితిత్తి తిరిగి రాదు, అందుకే మిగిలినదాన్ని కాపాడుకోవాలి. ఏటా ఫ్లూ టీకా వేయించు.

అడిగినాయన: స్పైరోమెట్రీ చేయలేదక్కా. సోమవారం అనంతపురం తీసుకుపోతా. ఈ పూట నుంచి వంట గ్యాస్ మీదే.