మా తరానికున్న ఆశ ఇప్పటి పిల్లలకు ఎందుకు లేదు?

పాత ఓయూ: 2023 ఎలక్షన్లల్ల నా కొడుకు, ఇద్దరు మేనల్లుళ్లు ఓటుకే పోలే, అడిగితే ఎవరొస్తే ఏమైతది అన్నరు. తెలంగాణ రాష్ట్రం కోసం 2011ల సకల జనుల సమ్మెల 42 రోజులు డ్యూటీ బంద్ పెట్టినం, జీతం రాకున్నా తగ్గలే. మిలియన్ మార్చ్ నాడు ట్యాంక్‌బండ్‌ చుట్టూ కంచెలు వేస్తే గల్లీలు పట్టుకుని పోయినం. వీళ్లకు దేని మీదా నమ్మకం లేదు, ఎందుకంటరు?

చిక్కడపల్లి లైబ్రరీ: రాష్ట్రం వచ్చింది 2014ల, మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022ల సార్. 503 పోస్టులు. ప్రిలిమ్స్ రాసినం, పేపర్ లీకైందని రద్దు. 2023 జూన్‌ల మళ్ల రాసినం, హైకోర్టు రద్దు చేసింది. 2024ల ఇంకో నోటిఫికేషన్, మళ్ల మొదటికెంచి. పొద్దుగాల్నే పోయి కుర్చీ మీద బుక్కు పెట్టకపోతే లైబ్రరీల సీటు దొరకది, ఐదు రూపాయల భోజనం లైన్ల నిలబడి తింటం, మీరేమో ఆశ లేదంటరు.

పాత ఓయూ: సరే తమ్మీ, మరి ఓటెందుకు వెయ్యరు?

చిక్కడపల్లి లైబ్రరీ: నేను ఊరికి పోయి వేసొచ్చిన సార్! వెయ్యనోళ్ల ముచ్చట నన్నెందుకు అడుగుతున్నరు.

తెనాలి బాబు: మా వైపూ ఇంతేనండీ. 2015లో అమరావతి శంకుస్థాపనకి ఊరూరి నుంచీ మట్టి, నీళ్లు పట్టుకెళ్లారు, 2019 డిసెంబరుకి మూడు రాజధానులన్నారు.

పాత ఓయూ: నేను ఓటు గురించి అడుగుతున్న. 2023ల హైదరాబాద్ జిల్లాల సగం మంది గూడ వెయ్యలే.

కరీంనగర్ రమ: ఆ 42 రోజులు మా అమ్మ అప్పులు తెచ్చి ఇల్లు నడిపింది, నీకేం ఆశ ఉందని ఆమెను ఎవరన్న అడిగిన్రా?

చిక్కడపల్లి లైబ్రరీ: ఏ దావత్‌కు పోయినా ఇదే మాట, మేం కొట్లాడినం మీరు ఫోన్లల్ల ఉన్నరని. రాష్ట్రం వచ్చినంక మీ ఉద్యోగులకు 43 శాతం ఫిట్‌మెంట్, అంటే జీతాల పెంపు వచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నరు, నియామకాల కాడికొచ్చేసరికి మేం మిగిలినం.

పాత ఓయూ: ఫిట్‌మెంట్ కోసం రోడ్డెక్కినమా మేం? 2009ల తెలంగాణ కోసం శ్రీకాంతాచారి పానం ఇచ్చిన నాడు మా ఆఫీస్ల ఎవ్వలం టిఫిన్ డబ్బాలు తెరవలే. ఎవరొస్తే ఏమైతది అని నా కొడుకు అంటే, ఆ పిల్లలు ఉత్తగనే సచ్చిపోయిన్రు అన్నట్టు ఇనిపిస్తది నాకు. ఓటు మాట అందుకే పట్టుకున్న.

చిక్కడపల్లి లైబ్రరీ: ఇది ముందే చెప్పాలె సార్. ఆ పిల్లలు గూడ మాకు కొలువులు వస్తయనే గదా పానాలిచ్చింది. వాళ్ల పేరు చెప్పి మమ్మల్ని సప్పుడు చెయ్యకుండ కూసోమంటే ఒప్పుకోను.

పాత ఓయూ: సప్పుడు చెయ్యొద్దని నేనన్ననా? చేస్తలేరనే నా బాధ.

చిక్కడపల్లి లైబ్రరీ: 2024 అక్టోబర్‌ల అశోక్‌నగర్‌ల రోడ్డు మీదికి వచ్చినం, లాఠీలతోని కొట్టిన్రు. సమ్మె చేసిన మీ ఉద్యోగులు మా పక్కన వచ్చి ఎంతమంది నిలబడ్డరో చెప్పుండ్రి.