రెండు ఆపరేటింగ్ సిస్టంలున్న డిస్కు ఇమేజిని (పూర్తి నకలును) 30 కంప్యూటర్లకు ఎక్కించడంలో ఇబ్బంది

మా కళాశాల ల్యాబులోని 30 కంప్యూటర్లలో విండోస్ 11, ఉబుంటు 22.04 రెండూ ఉండాలని ఒకదాన్ని పూర్తిగా సిద్ధం చేసి, విండోస్‌కు సిస్‌ప్రెప్ (ఒక కంప్యూటరుకే చెందిన గుర్తులను తీసేసే విండోస్ సాధనం) నడిపి, క్లోన్‌జిల్లాతో (డిస్కులకు నకలు తీసే సాఫ్ట్‌వేర్) డిస్కు మొత్తానికీ ఇమేజి తీశాను. దానిని మరో కంప్యూటరులోకి ఎక్కిస్తే ఏ సిస్టం కావాలో ఎంచుకునే గ్రబ్ మెనూ కనిపించకుండా నేరుగా విండోసే మొదలవుతోంది. యూఈఎఫ్ఐ (కంప్యూటరును మొదలుపెట్టే ఫర్మ్‌వేర్) బూట్ ఎంట్రీలు డిస్కులో కాక మదర్‌బోర్డులోని ఎన్‌వీర్యామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) ఉంటాయి కనుక అవి ఇమేజితో రాలేదని గ్రహించాను. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, ఆ ఎంట్రీలను మార్చే ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ ఆదేశంతో ఉబుంటు ఎంట్రీ చేర్చగానే మెనూ వచ్చింది గానీ, మిగిలిన వాటన్నిటికీ (సగం బల్లల కింద ఇరుక్కుని ఉన్నాయి) ఒక్కొక్కటిగా ఆ పని చేయడం కష్టం.

క్లోన్‌జిల్లా పునరుద్ధరణ ముగియగానే ఈ ఆదేశం దానంతటదే నడిచేలా ఎవరైనా అమర్చారా? సంతకమున్న ప్రోగ్రాములనే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్‌ను ఆపకుండా అది కుదురుతుందా? ఉబుంటు మెషీన్-ఐడీ ఫైలును (ఆ కంప్యూటరు ప్రత్యేక గుర్తింపు ఉండే ఫైలు) ఇమేజి తీయడానికి ముందే ఖాళీ చేయాలా, లేక ఎక్కించిన తరువాత మార్చినా సరిపోతుందా? అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.