ఆటో రిఫ్రాక్టర్ ఉండగా రెటినోస్కోపీకి ఇన్ని గంటలా?

తేజ_రెండోఏడు
ఆప్టోమెట్రీ డిగ్రీలో రెండో సంవత్సరం. వచ్చే నెల రెటినోస్కోపీ ప్రాక్టికల్ ఉంది. చేతిలో పట్టుకునే రెటినోస్కోప్‌తో (స్కోప్ అంటాం) కంట్లోకి వెలుగు గీత వేసి, కంటిపాపలో కనిపించే వెలుగు ఎటు కదులుతుందో చూస్తూ, లెన్స్‌లు మారుస్తూ పవర్ కనుక్కునే పద్ధతి అది. వారంలో మూడు మధ్యాహ్నాలు చీకటి గదిలో మోడల్ ఐ (బొమ్మ కన్ను) ముందు కూర్చుని వెలుగు గీతను అటూ ఇటూ ఊపడమే పని. పక్క గదిలో ఆటో రిఫ్రాక్టర్ ఉంది. గడ్డం ఆనించి లోపలి బొమ్మను చూస్తే చాలు, కొన్ని సెకన్లలో అద్దాల పవర్ మొత్తం, అంటే స్ఫియర్ (మామూలు ప్లస్ లేదా మైనస్), సిలిండర్ (ఒక దిశలో మాత్రమే కావాల్సిన పవర్), యాక్సిస్ (ఆ దిశ) కాగితం మీద వచ్చేస్తాయి. రెటినోస్కోపీని పరిచయం వరకు ఉంచి, ఆ గంటల్ని ఓసీటీ స్కాన్‌లు (రెటీనా, కంటి నరం పొరల్ని చూపించేవి) చదవడానికి, బైనాక్యులర్ విజన్‌కి (రెండు కళ్ళూ కలిసి చూసే తీరు), పిల్లల్లో మైనస్ పెరగకుండా చూసే చికిత్సలకి ఇవ్వకూడదా? పరీక్ష టెన్షన్‌తో అంటున్న మాట కాదు, ఏడాదిగా ఆలోచిస్తున్నాను.

లెన్స్‌బాక్స్
నా ఓటు తేజకే. ఆరేళ్ళుగా ప్రాక్టీస్‌లో ఉన్నాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళు. మెషీన్ ఇచ్చిన నంబర్‌తో మొదలుపెట్టి ట్రయల్ ఫ్రేమ్‌లో సరిచూస్తాను. ఫాగింగ్, క్రాస్ సిలిండర్, ఎరుపు-ఆకుపచ్చ టెస్ట్ అన్నీ చేస్తాను. చివరికి రాసే పవర్ పేషెంట్ చెప్పిన జవాబుల నుంచి వస్తుంది. మొదటి నంబర్ స్కోప్ ఇచ్చిందా, మెషీన్ ఇచ్చిందా అన్నది అక్కడ పెద్ద విషయం కాదు. కానీ డయాబెటిస్ ఉన్న పేషెంట్ రెటీనా ఫొటో చూసి ఎంత అర్జెంటుగా డాక్టర్ దగ్గరికి పంపాలో తేల్చుకోవడం నాకు ఉద్యోగంలో చేరాకే వచ్చింది. చదువులో దానికి దొరికిన టైమ్ చాలా తక్కువ. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం అది.

నీడగది
నేను ఎక్కువగా పిల్లల్ని చూస్తాను. ఒక సంగతి చెబుతాను, వివరంగానే.

ఏడేళ్ళ బాబు. చదువుకుంటే తలనొప్పి. అంతకుముందు వేరే చోట మైనస్ 1.25 అద్దాలు ఇచ్చారు. బాబు వాటిని తీసేస్తున్నాడని, మొండితనం ఎక్కువైందని వాళ్ళమ్మ చెప్పింది. మా ఆటో రిఫ్రాక్టర్ కూడా మైనస్ 1.25 దగ్గరే చూపించింది. స్కోప్ పట్టుకుని, దూరంగా ఉన్న బొమ్మను చూడమని కూర్చోబెట్టాను. కంటిపాపలో వెలుగు ఒక క్షణం గీతకు ఎదురు కదిలింది. వెంటనే కంటిపాప కాస్త పెద్దదై, వెలుగు గీత వెంటే నడిచింది. మళ్ళీ కంటిపాప చిన్నదై, ఎదురు. కంటి లోపలి కండరం బిగుసుకుంటోంది, వదులవుతోంది, నా కళ్ళ ముందే. మెషీన్ ఆ బిగువునే కొలిచి మైనస్ అని అచ్చువేసింది. డ్రాప్స్ వేసి కండరాన్ని వదులు చేశాక చూస్తే, పని దూరం (స్కోప్‌కీ కంటికీ మధ్య దూరం) కోసం తీయాల్సిన పవర్ తీసేశాక ప్లస్ 3.00 వచ్చింది. ప్లస్ కావాల్సిన కంటికి మైనస్ వేశారు. ఆ బాబు అద్దాలు తీసేయడం మొండితనం కాదు.

తేజా, ఇది నీ సిలబస్‌లో 'పరిచయం' అయితే ఆ కంటిపాప పెద్దదవడం, చిన్నదవడం నీ కంటికి ఆనదు. వందల కళ్ళు చూశాక కానీ నాకు ఆనలేదు.

లెన్స్‌బాక్స్
మేడమ్, గౌరవంగానే అడుగుతున్నాను. అక్కడ తేడా తెచ్చింది డ్రాప్స్ కదా? డ్రాప్స్ వేశాక ఆటో రిఫ్రాక్టర్ పెట్టినా దాదాపు అదే ప్లస్ వచ్చేది. అలాంటప్పుడు విద్యార్థికి నేర్పాల్సింది 'ఏ పిల్లలకి డ్రాప్స్ వేయాలి' అన్న నిర్ణయం. చంటిపిల్లలకైతే ఒక మీటరు దూరం నుంచే రెండు కళ్ళూ ఒకేసారి కొలిచే ఫొటోస్క్రీనర్లు వచ్చాయి.

నీడగది
డ్రాప్స్ మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ రోజు డ్రాప్స్ వేయాలని నాకు గట్టిగా అనిపించేలా చేసింది ఆ వెలుగే. ఫొటోస్క్రీనర్ ఈ బిడ్డను పంపించమని హెచ్చరిస్తుంది. పవర్ మరీ ఎక్కువైతే తన పరిధి దాటిందని ఆగిపోతుంది. ఆ బిడ్డను పంపేది ఎవరి దగ్గరికి? స్కోప్ పట్టుకున్న మనిషి దగ్గరికే. కళ్ళు నిలవకుండా కదిలిపోయే పిల్లలు, గడ్డం ఆనించలేనివాళ్ళు, తల నిలపలేనివాళ్ళు ఉన్నారు. వాళ్ళ అమ్మ ఒళ్ళో ఉండగానే లెన్స్ చేత్తో పట్టుకుని చూడాల్సి వస్తుంది.

ఇంకొకటి. ఏడాదిలో మూడుసార్లు అద్దాలు మార్చుకున్న 19 ఏళ్ళ అబ్బాయి వచ్చాడు. మెషీన్ తీసిన ప్రతిసారీ సిలిండర్ వేరేగా వస్తోంది. స్కోప్ వేస్తే కంటిపాపలో రెండు గీతలు కత్తెర కాళ్ళలా తెరుచుకుని మూసుకున్నాయి. కెరటోకోనస్ (కార్నియా పలచబడి శంఖువులా ముందుకు ఉబ్బే జబ్బు) అని అనుమానించి కార్నియా మ్యాప్ తీయించడానికి అదొక్కటే చాలు. ముందే పట్టుకుంటే క్రాస్ లింకింగ్‌తో (కార్నియాను గట్టిపరిచే చికిత్స) అది ముదరకుండా ఆపే అవకాశం ఉంటుంది. మూడు జతల అద్దాలు ఇచ్చినచోట ఒక్కరైనా చీకట్లో రెండు నిమిషాలు ఆ కంటిని చూసి ఉండాల్సింది.

పాతలాగ్‌బుక్
నేను ఈ సబ్జెక్ట్ నేర్పుతాను. ఇద్దరి మాటా విన్నాక తప్పు మా పరీక్షలో ఉందనిపిస్తోంది. విద్యార్థి రాసిన నంబర్‌కీ అసలు పవర్‌కీ తేడా అర డయాప్టర్ (పవర్ కొలత, అంటే 0.50) లోపల ఉంటే మార్కులు వేస్తాం. అంటే మెషీన్ బాగా చేసే పనికే మార్కులు. వెలుగు మసకగా ఉందా, నెమ్మదిగా కదిలిందా, మధ్యలో మారిందా అని అడగం. 1873లో కుయినే అనే ఫ్రెంచ్ కంటి డాక్టర్ దీన్ని మొదట వర్ణించినప్పుడు ఆ వెలుగు తేడా కార్నియా వల్లే అనుకున్నాడు. కారణం తప్పినా చూసింది మాత్రం శ్రద్ధగా చూశాడు. నేను నా తరగతిలో లెన్స్ పెట్టకముందే 'ఏం కనబడింది' అని రెండు వాక్యాలు రాయిస్తున్నాను.

గంటల విషయంలో లెన్స్‌బాక్స్ గారితో కొంతవరకు ఏకీభవిస్తాను. మోడల్ ఐ మీద అన్ని మధ్యాహ్నాలు అక్కర్లేదు. అది బొమ్మ కన్ను, రెప్ప వేయదు, కండరం బిగించదు. వాటిలో సగం గంటల్ని ఓసీటీకి ఇచ్చి, మిగతా సగం క్లినిక్‌లో నిజమైన కళ్ళ మీద పెట్టించాలి. ఓసీటీ రాకపోవడం కూడా చిన్న లోటు కాదు. కంటి ప్రెషర్ మామూలుగానే ఉండి నరం దెబ్బతింటున్న గ్లాకోమా పేషెంట్‌ను నంబర్ చూసి పంపేస్తే, పోయిన చూపు తిరిగి రాదు.

తేజ_రెండోఏడు
నిన్న మీ పోస్టులు చదివి, ఈ రోజు మోడల్ ఐ వదిలేసి క్లాస్‌మేట్ కంటి మీద చేశాను. తన పవర్ నాకు తెలియదు. వెలుగు మసకగా ఉంది, కదలికే కనిపించలేదు. న్యూట్రల్ అని, అంటే సరైన లెన్స్ దగ్గర కదలిక ఆగిపోయే స్థితి అని, రాసేశాను. తను అద్దాలు తీసి చూపించింది, మైనస్ 9.50. పవర్ అంత ఎక్కువైతే వెలుగు మసకబారి, కదలిక తెలియనట్టు ఉంటుందని పుస్తకంలో చదివాను, వైవాలో చెప్పాను కూడా. ఎదురుగా వస్తే గుర్తుపట్టలేదు. మళ్ళీ మైనస్ లెన్స్‌లు పెంచుకుంటూ పోతే ఒక చోట గీత మెరిసింది, కదలిక తెలిసింది.

ఓసీటీ గంటలు చాలవన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. సార్ చెప్పిన సగం-సగం లెక్కను మా డిపార్ట్‌మెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వాలనుకుంటున్నాం. ఒక సందేహం. తనవి చూసేటప్పుడు తెలియకుండానే ముందుకు వంగిపోయాను. 50 సెంటీమీటర్లు అనుకుని 2.00 తీశాను, నిజానికి 40 దగ్గర ఉన్నానట. దీన్ని ఎలా అరికట్టాలి?

పాతలాగ్‌బుక్
40 దగ్గర 2.50 తీయాలి, అర డయాప్టర్ అక్కడే పోయింది. స్కోప్ పిడికి 50 సెంటీమీటర్ల దారం కట్టు. రెండో కొసను పేషెంట్ చెంప దగ్గర పట్టుకుని, ప్రతి కంటికీ మొదలుపెట్టే ముందు ఒకసారి, చివరి లెన్స్ పెట్టాక ఒకసారి బిగించి చూసుకో. నెల రోజుల్లో నీ చేతికే దూరం తెలిసిపోతుంది.

నీడగది
తేజా, మసక వెలుగు కనిపిస్తే న్యూట్రల్ అని రాసేముందు స్కోప్‌తో సహా ముందుకు జరిగి, దగ్గర నుంచి ఒకసారి ఊపు. మైనస్ ఎక్కువ ఉన్న కన్నైతే దగ్గరగా వెళ్ళేకొద్దీ వెలుగు తేటపడుతుంది. దూరం దారంతో కొలవడం ఆ తర్వాత.