లాడ్జి మెయిల్లో ఇంగ్లీషు తప్పులు యాడున్నాయో చెప్పండి

లాడ్జి డెస్క్, తిరుపతి:
ఈ మెయిల్ సాయంత్రంలోగా పోవాలి. 'వుయ్ హావ్ రిసీవ్డ్ యువర్ మెయిల్ యెస్టర్డే. వుయ్ ఆర్ హావింగ్ టూ ఏసీ రూమ్స్. వన్ ఆఫ్ అవర్ రూమ్‌బాయ్ విల్ కమ్ టు రైల్వే స్టేషన్. వుయ్ విల్ డిస్కస్ అబౌట్ అడ్వాన్స్. ప్లీజ్ రివర్ట్ బ్యాక్.' స్పెల్లింగులు చూసుకున్నా. గ్రామర్ సంగతే తేలడం లేదు.

చిత్తూరు టీచరమ్మ:
తమ్ముడూ, ఐదు వాక్యాల్లోనూ ఉన్నాయి. 'యెస్టర్డే' అని రాశాక 'హావ్ రిసీవ్డ్' కుదరదు, ఉత్త 'రిసీవ్డ్' చాలు. నిన్న, పోయిన వారం, 2019లో అని అయిపోయిన కాలం చెప్తే 'హావ్' ఎగిరిపోతుంది. మనకు రెంటికీ 'వచ్చింది' ఒక్కటే కాబట్టి తేడా కనబడదు.
'ఆర్ హావింగ్' తీసేసి 'హావ్' పెట్టు. రూములు ఉండటం పని కాదు, స్థితి. 'వుయ్ ఆర్ హావింగ్ లంచ్' మాత్రం రైటే, తినడం పని గదా.
'వన్ ఆఫ్' తర్వాత ఎప్పుడూ బహువచనమే: 'రూమ్‌బాయ్స్'. కానీ క్రియ ఏకవచనం: 'వన్ ఆఫ్ ద బాయ్స్ ఈజ్ వెయిటింగ్'. స్టేషన్‌కూ అడ్వాన్స్‌కూ ముందు 'ద' పెట్టు.
'గురించి' మాట్లాడతాం కాబట్టి 'డిస్కస్' పక్కన 'అబౌట్' వచ్చి కూర్చుంటుంది. కొట్టెయ్. 'డిస్కషన్ అబౌట్' అయితే పరవాలేదు. చివర 'ప్లీజ్ రిప్లై' రాయి. 'రివర్ట్' మన ఆఫీసుల్లో చెల్లుతుంది, విదేశీ గెస్టుకు మాత్రం 'పాత స్థితికి వెళ్లు' అన్నట్టు ఉంటుంది.

లాడ్జి డెస్క్, తిరుపతి:
థాంక్సక్కా. ఒక్క రూమే ఉంటే 'ఎ ఏసీ రూమ్' అనాలా, 'యాన్' అనాలా?

ప్రూఫ్ చూసేవాడు:
'యాన్'. స్పెల్లింగు చూడొద్దు, పలుకు చూడండి. మాటను తెలుగు లిపిలో రాస్తే అచ్చుతో మొదలైతే 'యాన్', హల్లుతో అయితే 'ఎ'. 'యాన్ ఏసీ రూమ్', 'ఎ నాన్ ఏసీ రూమ్', 'ఎ యూనివర్సిటీ', 'యాన్ ఎంబీఏ'. అందుకే 'ఎ శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ స్టూడెంట్', అదే పొట్టి పేరుతో 'యాన్ ఎస్వీయూ స్టూడెంట్'.
ఈ కిటుకు దెబ్బతినేది మన ఉచ్చారణ తప్పినచోటే. ఏడాదినీ చెవినీ రెంటినీ 'ఇయర్' అంటాం. ఏడాది అసలు పలుకు 'యియర్', కాబట్టి 'ఎ'. చెవికి 'యాన్'. 'ఉమన్' కూడా నిజానికి 'వు'తో మొదలవుతుంది, దానికీ 'ఎ'నే.

చిత్తూరు టీచరమ్మ:
రేపో మాపో 'సిన్స్ టెన్ ఇయర్స్' కూడా రాస్తావు, ఇప్పుడే చెప్తున్నా. 'నుంచి' ఉంటే చాలు 'సిన్స్' వేసేస్తాం. 'నుంచి' బదులు 'గా' పెట్టి చూడు. 'పదేళ్లుగా' అతికింది, కాబట్టి 'ఫర్ టెన్ ఇయర్స్'. '2019గా' అతకదు, అప్పుడు 'సిన్స్ 2019'. రెంటికీ ముందు 'వుయ్ ఆర్ రన్నింగ్' కాదు, 'వుయ్ హావ్ బీన్ రన్నింగ్ దిస్ లాడ్జ్'.