హవాయిలోని ఆకుపచ్చ ఇసుక తీరం: ఆ రంగు అక్కడే ఎందుకు పోగైంది?

అనకాపల్లి_అమ్మాయి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా అమ్మను వెంటబెట్టుకొని హవాయి పెద్ద దీవికి వెళ్తున్నాను. దీవి దక్షిణపు కొస దగ్గర, మహానా అఖాతంలో ఉన్న పపకోలేయ తీరంలో ఇసుక ఆకుపచ్చగా ఉంటుందని, దానికి ఒలివిన్ అనే ఖనిజం కారణమని చదివాను. అయితే ఆ దీవి అంతా లావాతో ఏర్పడినదే, ఆ లావాలో చాలాచోట్ల ఒలివిన్ ఉన్నదే. అలాంటప్పుడు మిగిలిన చాలా ఒడ్లు నల్లగా ఉండి, ఈ ఒక్కచోట పచ్చదనం ఎందుకు కనబడుతున్నదో నాకు అర్థం కాలేదు. మరో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ అక్కడిదాకా నడవగలదా? మా మేనకోడలు బడిలో చూపించడానికి గుప్పెడు ఇసుక తెమ్మని అడిగింది, తేవచ్చా?

శిలాన్వేషి

మీ మొదటి ప్రశ్న చాలా మంచిది, ఎందుకంటే జవాబు ఖనిజంలో సగమే ఉంది, మిగతా సగం ఆ కొండలోనూ అలలలోనూ ఉంది. ఆ అఖాతం పూ మహానా అనే చిన్న అగ్నిపర్వత శంకువును సముద్రం ఒక పక్క కోసివేయడం వల్ల ఏర్పడింది. సుమారు 49,000 ఏళ్ల కిందట పుట్టిన ఆ శంకువు గట్టి లావాతో కాక, బూడిద గట్టిపడిన మెత్తని రాయితో ఏర్పడింది, పైగా ఆ బూడిదలో ఒలివిన్ స్ఫటికాలు ధారాళంగా ఉన్నాయి. గట్టి లావాలో ఈ స్ఫటికాలు రాతిలో బిగుసుకొని ఉంటాయి కాబట్టి అల కొట్టినంత మాత్రాన ఊడిరావు, ఇక్కడ మాత్రం రాయి నానిన మట్టిగోడలా కరిగి వాటిని విడిచిపెడుతుంది.

ఇక అలలు చేసే పని మన వంటింట్లో రోజూ చూసేదే. బియ్యాన్ని నీళ్లలో గాలించేటప్పుడు గిన్నెను లయగా ఊపుతుంటే బియ్యం నీళ్లతో పాటు పక్క గిన్నెలోకి జారిపోయి, బరువైన రాళ్లు అడుగున మిగులుతాయి కదా, అలాగే అల వెనక్కి తీసినప్పుడల్లా తేలికైన బూడిద, లావా చల్లారి ఏర్పడిన గాజు రేణువులు కొట్టుకుపోయి, బరువైన ఒలివిన్ ఒడ్డున నిలుస్తుంది. దాని సాంద్రత ఇంచుమించు 3.3, మామూలు ఇసుకలోని క్వార్ట్జ్‌ది 2.65. పచ్చదనం ఆ ఖనిజంలోని ఇనుము వల్ల వచ్చింది, దాని మేలిరకాన్నే నగలలో పెరిడాట్ అని పొదుగుతారు. అయితే ఒలివిన్ నీటికీ గాలికీ త్వరగా పాడయ్యే ఖనిజం, అందుకే ప్రపంచంలో ఇటువంటి తీరాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే ఉన్నాయి. కొండ అరుగుతున్నంత కాలమే ఆ రంగు ఉంటుంది.

దక్షిణపు_గాలి

నేను రెండుసార్లు వెళ్లివచ్చినవాడిని కాబట్టి దారి సంగతి చెబుతాను. వాహనం ఆపే చోటు నుంచి ఒడ్డు వెంట సుమారు 4 కిలోమీటర్లు నడవాలి, నీడ లేదు, తాగునీరు దొరకదు, గాలి విడవకుండా వీస్తుంది, చివర శంకువు వాలు మీదుగా నిటారుగా దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవారిని తీసుకువెళ్లవద్దని నా సలహా. డబ్బు తీసుకొని జీపుల్లో ఎక్కించుకునేవారు కనిపిస్తారు గాని, ఆ చక్రాల కిందే ఆ నేల గాడులు పడి పాడైపోయింది, అది హవాయి మూలవాసుల కోసం కేటాయించిన భూమి. దయచేసి ఆ బండ్లు ఎక్కకండి.

అమ్మగారిని పునలూ నల్ల ఇసుక తీరానికి తీసుకువెళ్లండి. కారు దాదాపు ఒడ్డుదాకా వెళ్తుంది, కొబ్బరిచెట్లు ఉన్నాయి, సముద్రపు తాబేళ్లు ఇసుక మీదకు వచ్చి ఎండ కాచుకుంటాయి, వాటికి దూరంగా నిలబడి చూడాలి. ఇసుక తేవడం మాత్రం కుదరదు, సముద్రతీరం నుంచి ఇసుక తీసుకుపోవడాన్ని హవాయి రాష్ట్ర చట్టం నిషేధించింది. పపకోలేయలో నేను అరచేతిలోకి కాస్త తీసుకొని భూతద్దంతో చూశాను. దూరానికి ముదురు ఆలివ్ రంగు పొడిలా ఉన్నది, దగ్గరకు తెస్తే పగిలిన సోడాసీసా ముక్కల్లా మెరిసే పచ్చ రేణువులు, వాటి మధ్య నల్లవీ, ఒకటీ అరా తెల్లవీ కనబడ్డాయి. చూసి అక్కడే దులిపేశాను.

భీమిలి_తీరం

మేనకోడలికి చూపవలసింది మన ఒడ్డునే ఉందని చెప్పాలనిపించి రాస్తున్నాను. శిలాన్వేషి గారు చెప్పిన గాలింపే విశాఖపట్నం, భీమిలి తీరాల్లోనూ జరుగుతుంది. తూర్పు కనుమలలోని ఖొండలైట్ శిలలు అరిగి, వాటిలోని గార్నెట్, సిల్లిమనైట్, ఇల్మెనైట్ వంటి బరువైన ఖనిజాలు వాగుల వెంట సముద్రానికి చేరతాయి. అల్పపీడనం పట్టి సముద్రం ఎగసిన తరువాత తేలిక ఇసుక కొట్టుకుపోయి, ఒడ్డున నల్లని చారలు, కొన్నిచోట్ల గులాబీ ఎరుపు చారలు తేలతాయి, నలుపు ఎక్కువగా ఇల్మెనైట్, ఎరుపు గార్నెట్. దాన్ని చూసి చమురో మురుగో కలిసిందని కలవరపడేవారు ప్రతి ఏడాదీ ఉంటారు. మంచి అయస్కాంతాన్ని పలచని కవరులో చుట్టి ఆ నల్ల చార మీద మెల్లగా తిప్పితే మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులు కుచ్చులా అంటుకుంటాయి, కవరు విప్పితే మళ్లీ రాలిపోతాయి, పాపను ఒడ్డుకే తీసుకువెళ్లి చూపవచ్చు, ఇంటికి తేనక్కరలేదు.

అనకాపల్లి_అమ్మాయి

ధన్యవాదాలు. అమ్మతో పునలూకే వెళ్తాం, పపకోలేయకు నేను ఒక్కదాన్నే ఒక పూట నడిచి వస్తాను. ఇంకొక్క మాట అడుగుతాను: పునలూ నలుపు కూడా ఇలా గాలింపు వల్ల వచ్చినదేనా, అది ఎంతకాలం నిలుస్తుంది?

శిలాన్వేషి

కాదండీ. అక్కడ వేడి లావా సముద్రపు నీటిని తాకి చిట్లిపోయి, నల్లని గాజు, బసాల్ట్ (గట్టిపడిన లావా రాయి) ముక్కలుగా మారింది, రాయి మొత్తం నలుపే కాబట్టి ఏరివేతతో పనిలేదు. అయితే లావా రావడం ఆగితే కొత్త ఇసుక పుట్టదు, ఉన్నదాన్ని అలలు కొంచెం కొంచెంగా తీసుకుపోతాయి. లావా మళ్లీ వస్తే మరో ముప్పు. అదే దీవిలో కలపానా దగ్గరి కైమూ నల్ల ఇసుక తీరం 1990లో లావా కింద పూర్తిగా కప్పబడిపోయింది. 2018 విస్ఫోటనం మాత్రం పోహోయికి అనే చోట సరికొత్త నల్ల తీరాన్ని ఇచ్చింది గాని, అదే ఇసుక పడవలు దించే రేవుకు అడ్డం పడడంతో, అక్కడి మత్స్యకారులకు కొన్నేళ్లపాటు సముద్రానికి దారి లేకుండా పోయింది.