‘సెంట్’ అంటే చాలదా, ‘హ్యావ్ సెంట్’ అనాల్సిందేనా?

రుషికొండ ట్రైనర్:
మధురవాడ వైపు ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లకి మెయిల్ రాయడం నేర్పేటప్పుడు ఎప్పుడూ ఇదే పేచీ. ‘ఐ సెంట్ ద ఫైల్’ రైటా, ‘ఐ హ్యావ్ సెంట్ ద ఫైల్’ రైటా? నా మాట సూటిగా చెప్తాను. సింపుల్ పాస్ట్, అంటే ‘సెంట్’ లాంటి మామూలు భూతకాలం, ఒక్కటి గట్టిగా వస్తే చాలు. అమెరికా క్లయింట్ ‘డిడ్ యు ఈట్ యెట్?’ అంటాడు, ‘ఐ ఆల్రెడీ సెంట్ ఇట్’ అంటాడు. హ్యావ్ పెట్టబోయి ‘ఐ హ్యావ్ సెంట్ ఇట్ యెస్టర్‌డే’ అని తప్పుగా రాసే బదులు అసలు దాని జోలికే పోకపోతే ఏం నష్టం?

ద్వారకానగర్ మాస్టారు:
నష్టం ఉందండీ. అమెరికా వాళ్లు సడలించింది ఎక్కువగా జస్ట్, ఆల్రెడీ, యెట్ లాంటి నాలుగు మాటల దగ్గరే. సిన్స్ దగ్గర వాళ్లూ హ్యావ్‌ని వదలరు. రెజ్యూమేలో ‘ఐ వర్క్‌డ్ ఇన్ ద స్టీల్ ప్లాంట్ ఫర్ టెన్ ఇయర్స్’ అని రాస్తే ఆ ఉద్యోగం అయిపోయిందని అర్థం. ‘ఐ హ్యావ్ వర్క్‌డ్’ అంటే ఇప్పటికీ అక్కడే ఉన్నారు. రెండు వాక్యాలూ వ్యాకరణపరంగా శుద్ధంగానే ఉంటాయి కాబట్టి చదివేవాడికి తప్పు జరిగిందన్న అనుమానం కూడా రాదు. నేరుగా తప్పుగా అర్థం చేసుకుంటాడు.

ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా జలాంతర్గామినే తీసుకోండి. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో సేవ నుంచి తప్పుకుంది. కాబట్టి ‘కుర్సురా సర్వ్‌డ్ ద నేవీ ఫర్ థర్టీ వన్ ఇయర్స్’. అదే జలాంతర్గామి గురించి మరుసటి వాక్యం ‘ఇట్ హ్యాజ్ బీన్ ఎ మ్యూజియం సిన్స్ 2002’. దీనికి మీ సింపుల్ పాస్ట్‌తో ఏం చేస్తారు?

గాజువాక కుర్రాడు:
మాస్టారూ, మరి ‘వెన్ హ్యావ్ యు కమ్?’ అంటే తప్పేటి? అందరూ అలాగే అంటారు కదేటి.

ద్వారకానగర్ మాస్టారు:
తప్పే బాబూ. వెన్ అన్నావంటే జరిగిపోయినదాని టైము చెప్పమని అడుగుతున్నట్టు. అక్కడ హ్యావ్‌కి చోటు లేదు. ‘వెన్ డిడ్ యు కమ్?’ బ్యాంకు, ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షల పేపర్లలో తప్పు పట్టే ప్రశ్న వస్తే ముందు యెస్టర్‌డే, ఎగో, లాస్ట్, ఇన్ 2015 లాంటి మాట కోసం వెతుకు. అది కనిపించి పక్కన హ్యావ్ ప్లస్ వీ3 (సెంట్, గాన్ లాంటి క్రియ మూడో రూపం) ఉంటే తప్పు దొరికినట్టే.

ఎంవీపీ వాణి:
మాస్టారు గారూ, పరీక్ష హాల్లో ఆ చిట్కా పనికొస్తుంది, కాదనను. రాసేటప్పుడే చెయ్యిచ్చేస్తుంది. టైము మాట వాక్యంలో కనబడాలని ఏముందండీ? ‘వేర్ డిడ్ యు బై దిస్ షర్ట్?’ అనేదాంట్లో టైము మాటే లేదు. అయినా ‘వేర్ హ్యావ్ యు బాట్’ అనకూడదు. చొక్కా ఒంటి మీదే ఉంది, కొనడం ఎప్పుడో అయిపోయింది, ఎక్కడ అన్నదొక్కటే తెలియాలి.

టైము మాట ఉన్నా సరే, ఆ సమయం ముగిసిందా, ఇంకా నడుస్తోందా అని చూడాలి. ఉదయం పదకొండు గంటలకి ‘హ్యావ్ యు సీన్ ద మెయిల్ దిస్ మార్నింగ్?’ అని అడగొచ్చు. సాయంత్రం నాలుగుకి ‘డిడ్ యు సీ’ అనాలి, మార్నింగ్ అయిపోయింది కదా. అన్నిటికంటే ఎక్కువ తడబడేది ఇక్కడ: ‘లాస్ట్ వీక్’ అంటే పోయిన వారం, ముగిసింది, సింపుల్ పాస్ట్. ‘ఇన్ ద లాస్ట్ వీక్’ అంటే ఈ క్షణం నుంచి వెనక్కి లెక్కేసుకుంటే వచ్చే ఏడు రోజులు, మామూలుగా హ్యావ్ వస్తుంది. లాస్ట్ అనే మాట చూసి కొట్టేసే పిల్లలు ఈ రెండోదాన్ని కూడా కొట్టేస్తారు. అలాగే ‘హి హ్యాజ్ జస్ట్ లెఫ్ట్’ బాగుంటుంది, ‘జస్ట్ నౌ’ దగ్గర మాత్రం ‘హి లెఫ్ట్ జస్ట్ నౌ’ అనాలి.

రుషికొండ ట్రైనర్:
వాణి గారూ, ఇంత చెప్తే ఫ్రెషర్ భయపడి మెయిలే రాయడు! నా బాధ అదే. తెలుగులో ‘పంపించాను’ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది కదా, అందుకే మనవాళ్లకి హ్యావ్ ఎక్కడ పెట్టాలో చెవికి తట్టదు.

ఎంవీపీ వాణి:
మెయిల్‌కి ఇంత అక్కర్లేదండీ, వరుస తెలిస్తే చాలు. మొదటి లైనులో ఇప్పటి పరిస్థితి: ‘ఐ హ్యావ్ అప్‌లోడెడ్ ద రిపోర్ట్.’ ఫైలు అక్కడుంది, తెరిచి చూసుకోవచ్చు. రెండో లైను నుంచి వివరాలు: ‘ఐ చెక్‌డ్ ద టోటల్స్ ఆన్ మండే. అకౌంట్స్ కరెక్టెడ్ టూ ఎంట్రీస్.’ ఇంగ్లిష్ వార్తలూ ఇలాగే నడుస్తాయి. తుపాను తీరం దాటిన కాసేపటికి ‘ఎ సైక్లోన్ హ్యాజ్ హిట్ విశాఖపట్నం’ అని మొదలెట్టి, ఏ గంటకి దాటింది, ఎన్ని చెట్లు పడ్డాయి అన్నదంతా సింపుల్ పాస్ట్‌లోకి దించేస్తారు. ఈరోజు కూర్చుని హుద్‌హుద్ తుపాను గురించి రాస్తే మొదటి లైను కూడా ‘హిట్’ మాత్రమే. అది 2014 అక్టోబరు 12.

గాజువాక కుర్రాడు:
మా ఫ్రెండు డౌటొస్తే హ్యాడ్ వాడేస్తాడు. ‘ఐ హ్యాడ్ గాన్ టు బీచ్ యెస్టర్‌డే’ అంటాడు. సేఫేనా?

ద్వారకానగర్ మాస్టారు:
అది మరీ ముప్పు. హ్యాడ్ రావాలంటే గతంలోనే ఇంకో సంఘటన ఉండాలి, దానికంటే ముందు ఇది జరిగుండాలి. ‘ద బస్ హ్యాడ్ లెఫ్ట్ వెన్ ఐ రీచ్‌డ్ ద కాంప్లెక్స్.’ ఊరికే నిన్న బీచ్‌కి వెళ్తే ‘వెంట్’ చాలు. ఇంకోటి, ‘హి హ్యాజ్ గాన్ టు అరకు’ అంటే మనిషి ఇంకా రాలేదు. ‘హి హ్యాజ్ బీన్ టు అరకు’ అంటే వెళ్లొచ్చేశాడు. సెలవు చీటీలో ఇవి తారుమారైతే గొడవే.

రుషికొండ ట్రైనర్:
సరే, సిన్స్, ఫర్, బీన్, గాన్ అందరికీ నేర్పాల్సిందే, ఒప్పుకుంటున్నా. ‘ఫర్ టూ ఇయర్స్’ అనాల్సిన చోట ‘సిన్స్ టూ ఇయర్స్’ అనే అలవాటు ఎలాగూ మాన్పించాలి. జస్ట్, ఆల్రెడీ, యెట్ దగ్గర మాత్రం అమెరికా క్లయింట్లున్న బ్యాచ్‌ని ఇబ్బంది పెట్టను. యూకే క్లయింట్లయితే హ్యావ్ పెట్టమంటాను.

ఎంవీపీ వాణి:
పెట్టించండి. ఎటొచ్చీ అమెరికా బ్యాచ్‌కి కూడా ఒకటి చెప్పండి. ‘ఐ లాస్ట్ మై హాల్ టికెట్’ అంటే తర్వాత దొరికిందో లేదో ఆ వాక్యం చెప్పదు. ‘ఐ హ్యావ్ లాస్ట్ మై హాల్ టికెట్’ అంటే ఇంకా దొరకలేదని తెలిసిపోతుంది, డూప్లికేట్ అడిగేటప్పుడు ఆ మాట మళ్లీ విడిగా చెప్పే పనుండదు.