మూడు నెలలు బండి తీయకపోతే బ్యాటరీని ఎలా కాపాడుకోవాలి?

నమస్తే అన్నలూ, మాది హన్మకొండ. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి చివరి దాకా పని మీద పుణె వెళ్తున్నా, బండి ఇంట్లోనే ఉంటుంది. పోయిన చలికాలం ఇట్లాగే రెండు నెలలు వదిలేసి వచ్చి సెల్ఫ్ కొడితే టిక్ టిక్ తప్ప ఏం లేదు, కిక్ కూడా లేని బండాయె, మీటర్ పెడితే 11.4 వోల్టులే చూపించింది, ఛార్జింగ్ పెట్టినా నిలవక చివరికి కొత్త బ్యాటరీ వేయించాను. నిండుగా ఉంటే 12.6 పైన చూపించాలని, తక్కువ ఛార్జింగ్‌తో చాలా రోజులు ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటుందని అప్పుడే తెలిసింది.

మళ్లీ ఆ ఖర్చు నా వల్ల కాదు. నెగటివ్ వైరు తీసేస్తే చాలని మెకానిక్ అన్న అంటున్నాడు. వారానికోసారి తమ్ముడితో స్టార్ట్ చేయిస్తానని అమ్మ అంటోంది, కానీ ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే సెల్ఫ్ లాగినంత కూడా తిరిగి ఎక్కదేమోనని నా టెన్షన్.

నాది 12 వోల్టుల 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ కెపాసిటీ) సీల్డ్ బ్యాటరీ. వైరు తీస్తే మూడు నెలలు ఆగుతుందా, లేక నిండగానే తగ్గించుకునే ఆటోమేటిక్ ఛార్జర్ కొనాలా? కొంటే ఎన్ని ఆంపియర్లది? కరెంటు పోయి వస్తే దానంతట అదే మళ్లీ మొదలవుతుందా? వాడినవాళ్లు దయచేసి చెప్పండి, వచ్చే ఆదివారమే ప్రయాణం.